పాత ఫినిష్ మోవర్, దాని బెల్టు: ఐదారేళ్ల వాడకం తర్వాత

సెకండ్ హ్యాండ్ ఫినిష్ మోవర్, అంటే ట్రాక్టర్ వెనక తగిలించి పచ్చికను నున్నగా కోసే యంత్రం, కొనొచ్చా అని అడిగితే కొనొచ్చనే చెబుతాను. బెల్టు మీది కవర్లు విప్పి చూడనివ్వనివాడి దగ్గర మాత్రం వద్దు. ఐదడుగుల మోవర్‌ని చిన్న ట్రాక్టర్ వెనక తగిలించి ఐదారేళ్లుగా నడుపుతున్నాను. నేను కొనేనాటికే అది బాగా పాతది. కంపెనీ పేరు రాయడం లేదు. వెనక తగిలించే ఈ రకం మోవర్లన్నిటిదీ దాదాపు ఒకే అమరిక కాబట్టి, నేను చెప్పే మంచీ చెడూ ఆ అమరికవే అనుకోండి.

మా స్థలం టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉంది. గుంటూరు వైపు నల్లరేగడి చూసినవాళ్లకు ఇక్కడి నేల కొత్తేం కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన బెర్ముడా గడ్డి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా కోస్తూనే ఉండాలి. మొన్న నాన్న వచ్చినప్పుడు కాసేపు చూసి, "ఇంత డీజిల్ పోసి కోసిన గడ్డి ఒక్క గేదెకైనా వెయ్యవేంట్రా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

యంత్రం సంగతికొస్తే, ట్రాక్టర్ పీటీవో, అంటే వెనక తగిలించిన యంత్రాలకు ఇంజన్ శక్తిని అందించే షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేర్ బాక్స్ ఆ వేగాన్ని పెంచి, తిరిగే దిశను మార్చి పెద్ద పుల్లీకి అందిస్తుంది. అక్కడి నుంచి ఒకే ఒక్క పొడవాటి వి-బెల్టు మూడు స్పిండిళ్లనూ, అంటే బ్లేడ్లు బిగించిన షాఫ్టులనూ, తిప్పుతుంది. స్ప్రింగుతో లాగి పట్టిన ఐడ్లర్ పుల్లీ ఆ బెల్టును బిగువుగా ఉంచుతుంది. చాలా మోడళ్లలో బ్లేడు కొస వేగం నిమిషానికి 18,000 అడుగుల దగ్గర ఉంటుంది, అంటే గంటకు రెండు వందల మైళ్లకు పైనే. ఆ పని భారమంతా ఒక రబ్బరు బెల్టు మీద ఉంటుంది. అందుకే ఈ మోవర్ గురించి ఎవరు ఫిర్యాదు చేసినా మొదట బెల్టునే తిడతారు. నాకు అర్థమైనంతలో పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు బెల్టుది కాదు.

పాత ఓనర్ దీన్ని అమ్మేసిందే "బెల్టులు తినేస్తోంది" అని. ఆ మాటతోనే ధర తగ్గింది. కవర్లు విప్పి చూస్తే కారణం ఎదురుగానే కనిపించింది. ఐడ్లర్ పుల్లీని పట్టుకునే చెయ్యి తన ఇరుసు దగ్గర తుప్పుతో బిగుసుకుపోయింది. స్ప్రింగు లాగుతున్నా చెయ్యి కదలదు. బెల్టు కొత్తగా ఉన్నన్నాళ్లు పర్వాలేదు. కొంచెం సాగగానే ఆ వదులును సర్దేవాళ్లు లేక పుల్లీల మీద జారుతుంది, వేడెక్కుతుంది, అంచులు అద్దంలా నున్నగా అయిపోతాయి. అలా నున్నబడ్డ బెల్టు ఇంకా ఎక్కువ జారుతుంది. అతను బెల్టు మార్చుకుంటూ పోయాడు, ఇరుసు జోలికి పోలేదు. పిన్ను ఊడదీసి, తుప్పు గీకి, బుష్ మార్చి, గ్రీజు పెడితే ఒక మధ్యాహ్నం పని. ఇప్పటికీ ప్రతి సీజన్ మొదట్లో స్ప్రింగు విప్పి ఆ చేతిని అటూ ఇటూ ఆడించి చూస్తాను. వేలితో నెడితే కదలాలి.

తీసేసిన బెల్టును పారేసే ముందు ఒకసారి వెలుతురులో తిప్పి చూడండి, జబ్బేమిటో అదే చెబుతుంది. రెండంచులూ మెరుస్తుంటే జారుతోందని. ఒక అంచే అరిగిందంటే పుల్లీలు ఒకే వరసలో లేవు. పొడవైన సూటి బద్ద ఒకటి పుల్లీల మీద ఆనించి చూస్తే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది. ఒక్కచోట మాత్రమే కాలిన మచ్చ ఉంటే, ఏదో అడ్డుపడి బ్లేడ్లు ఆగినా డ్రైవ్ పుల్లీ తిరుగుతూనే ఉండి అక్కడే రాపాడిందని. గాడిలో బెల్టు తిరగబడుతుంటే, బలం కోసం రబ్బరు లోపల పొదిగిన తాళ్లు తెగాయేమో చూడాలి. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదికి బలవంతంగా ఎక్కించినప్పుడు ఆ తాళ్లు ఎక్కువగా తెగుతాయి, పైకి ఏమీ కనబడదు. బెల్టు ఎక్కించాలంటే స్ప్రింగు వదులు చేసి ఎక్కించాలి, మీటి కాదు.

పుల్లీ గాడిని కూడా చూడాలి. వి-బెల్టు పట్టంతా పక్క గోడలదే, అడుగుది కాదు. గాడి అరిగి బెల్టు అడుగు పుల్లీ అడుక్కి తగిలిందంటే ఇక ఎంత టెన్షన్ పెట్టినా పట్టదు. గాడి అడుగు మెరుస్తుంటే ఆ పుల్లీ పని అయిపోయినట్టే. జిగురు స్ప్రే కొడితే బెల్టు పడుతుందని చెప్పేవాళ్లు ఉన్నారు. మన ఊళ్లలో పిండిమిల్లు పట్టీ జారితే ఏదో ఒక జిగురు పూసేవాళ్లు, బల్లపరుపు పట్టీకి అది నడిచింది. ఇక్కడ మాత్రం ఆ జిగురుకు గడ్డి పొడి అంటుకుని గాడిలో పిడచ కడుతుంది, అంతే.

బెల్టు కొనడంలో ఒక చిక్కుంది. మోవర్ మీద సైజు బి105 అని ఉందనుకోండి. అది లోపలి కొలత, అంగుళాల్లో. అదే వెడల్పు బెల్టు హార్డ్‌వేర్ షాపులో 5ఎల్1080 పేరుతో దొరుకుతుంది. అది బయటి కొలత, 108.0 అంగుళాలు. బి రకంలో లోపలికీ బయటికీ తేడా మూడంగుళాలు కాబట్టి పొడవు సరిపోతుంది. కానీ 5ఎల్ తేలికపాటి పనికి చేసిన బెల్టు, చిన్న మోటార్లకీ ఫ్యాన్లకీ సరి. పాత ఓనర్ వేసినవన్నీ అవే. మోవర్‌కి కావలసింది లోపల అరామిడ్ తాళ్లున్న బెల్టు. అరామిడ్ అంటే కెవ్లార్ జాతి, అంత తొందరగా సాగదు, ఒక్కసారిగా పడే ఊపును తట్టుకుంటుంది. ధర ఎక్కువే. నేను వేసిన అలాంటి బెల్టు ఒకటి సీజన్లు గడిచినా నడుస్తోంది, రెండోది గోడకు వేలాడుతోంది. పాత బెల్టును కొలిచి కొత్తది కొనకండి, అది సాగి ఉంటుంది. మాన్యువల్‌లో నంబరు చూసుకోండి. విప్పే ముందు బెల్టు దారిని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కవర్ కింద ఉండాల్సిన బొమ్మ స్టిక్కర్ పాత యంత్రాల్లో ఎటూ చెరిగిపోయి ఉంటుంది.

బెల్టు పాడవడానికి నేను ఊహించని కారణం ఒకటి తగిలింది, గేర్ బాక్స్ అడుగు సీలు. అది కారితే 80డబ్ల్యూ-90 నూనె నేరుగా డ్రైవ్ పుల్లీ మీద పడుతుంది. నూనె తాగిన రబ్బరు మెత్తబడుతుంది, జారుతుంది. సీలు చవక, పుల్లీ ఊడదీయడమే నరకం. పుల్లర్ పెట్టి, తుప్పు వదిలే నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, తెల్లారి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని. కొనేటప్పుడు కవర్ తీయమనడం ఇందుకే. డ్రైవ్ పుల్లీ చుట్టూ తడి మడ్డి కనిపిస్తే ధరలో ఆ పని ఖర్చు తగ్గించమనండి. గేర్ బాక్స్‌లో నూనె పాలలా తెల్లగా ఉంటే లోపల నీళ్లు చేరినట్టు, అలాంటిది అసలు తీసుకోకండి.

స్పిండిల్ బేరింగులకు భయపడక్కర్లేదు. బెల్టు తీసి ఒక్కో బ్లేడునీ చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు శబ్దమొచ్చేది ఏదో తెలిసిపోతుంది. ఊడదీశాక బేరింగ్ మీద నంబరు ఉంటుంది. ఉదాహరణకు 6205-2ఆర్ఎస్ అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15, రెండు పక్కలా రబ్బరు సీళ్లు. ఆ నంబరు చెబితే బేరింగుల షాపులో ఎక్కడైనా ఇస్తారు. అదే బేరింగును కంపెనీ డబ్బాలో పెట్టి పార్ట్ నంబరుతో అమ్మితే ధర రెండు మూడింతలవుతుంది.

బ్లేడ్ల పనికి డెక్, అంటే బ్లేడ్లను కప్పి ఉంచే ఇనుప పెట్టెను, పైకెత్తినప్పుడు హైడ్రాలిక్ లిఫ్ట్‌ని నమ్మి కింద చెయ్యి పెట్టకూడదు. ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, పీటీవో షాఫ్ట్ విప్పి, కింద స్టాండ్లు పెట్టాకే పని. 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు, వేలాడే గుడ్డ చిక్కిందంటే వదలదు. షాఫ్ట్ గార్డు పగిలినదైతే మొదటి ఖర్చు దానికే పెట్టండి. నాన్న భుజం మీది తువ్వాలుతో ట్రాక్టర్ దగ్గరికొస్తే నేను ఇంజన్ ఆపేస్తాను. ఆయనకు కోపం, నాకు అదే నిశ్చింత.

నడపడంలో బెల్టు ఆయుష్షును పెంచేది ఒకటే. పీటీవో వేసేటప్పుడు ఇంజన్ బాగా తక్కువ వేగంలో ఉండాలి, బ్లేడ్లు తిరగడం మొదలయ్యాక మెల్లగా 540కి తేవాలి. గడ్డిలోకి వెళ్లేది ఆ తర్వాతే. మూడు బరువైన బ్లేడ్లను ఒక్క ఊపులో లేపమంటే ఏ బెల్టూ మొరాయించక మానదు. పని అయ్యాక కవర్ కింద చేరిన ఎండుగడ్డిని ఊదేస్తాను. లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి, వేడి పుల్లీ పక్కన ఎండుగడ్డి మంచిది కూడా కాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. గ్రీజు పెట్టే చోట్లు కొన్ని కవర్ల కింద ఉండి, ప్రతిసారీ బోల్టులు విప్పాలి. ఎత్తు మార్చాలంటే నాలుగు చక్రాల దగ్గరా విడివిడిగా స్పేసర్లు మార్చాలి, మీటతో అయ్యే పని కాదు. మా నెర్రెల నేలలో టాప్ లింక్‌కి, అంటే మోవర్‌ని ట్రాక్టర్‌కి పైన కలిపే కడ్డీకి, వదులు ఇవ్వకపోతే గడ్డి బోడిగుండు అవుతుంది. డెక్ తన చక్రాల మీద తాను తేలాలి. ఇక్కడి మెస్కీట్ చెట్ల ముళ్లకు గాలి టైర్లు నిలవవు, గట్టి రబ్బరు చక్రాలే వేయించాను. నిప్పు చీమల పుట్టల మీదుగా పోయినప్పుడల్లా బ్లేడు పదును తగ్గుతుంది, సాన తప్పదు. మోకాలెత్తు పొదలకు ఇది పనికిరాదు, దానికి రోటరీ కట్టర్ వేరే ఉండాలి.

కోత మాత్రం చక్కగా వస్తుంది. వారం వారం కోస్తే పచ్చికలో గీతలు పడవు. నాలుగెకరాల లోపు చదును నేల, పాతిక హార్స్‌పవర్ ట్రాక్టర్, రెంచి పట్టుకోవడానికి విసుక్కోని మనిషి ఉంటే పాతదే కొనండి. చేతికి గ్రీజు అంటడం ఇష్టం లేనివాళ్లు కొత్త జీరో-టర్న్, అంటే ఎక్కి నడిపే, ఉన్నచోటే తిరగగల మోవర్, వైపు చూడటం మేలు. నా మోవర్‌లో ఎడమ స్పిండిల్ ఈమధ్య కొంచెం గరగరమంటోంది. డిసెంబర్‌లో గడ్డి నిద్రపోయాక దాని బేరింగులు మారుస్తాను.