జాగ్రత్త: పాత కార్లకని అమ్ముతున్న పెట్రోల్ రెగ్యులేటర్ కిట్లు కొనకండి

అంబాసిడర్, పద్మిని, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చేది) ఉన్న మారుతి 800 ఇంకా నడుపుకుంటున్న శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఈ మాట ముందే చెప్పాలి. ఒక కరెంటు పెట్రోల్ పంపు, ఒత్తిడి తగ్గించే మెరిసే రంగు రెగ్యులేటర్, దానికో గుండ్రటి మీటరు, ఒక మీటరు పొడవున్న పారదర్శక పైపు, నాలుగు క్లిప్పులు కలిపి ఒకే డబ్బాలో అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది, కొన్ని స్పేర్‌పార్టుల షాపుల్లోనూ ఉంది. "ఏ బండికైనా ఇదే బాబూ, ఏటీ చూసుకోనక్కర్లేదు" అని చేతిలో పెడతారు. కొనకండి. ఇది కార్బ్యురేటర్ బండికి చేసిన సామాను కాదు. బిగించిన బళ్ళలో పెట్రోల్ పొంగి కారుతోంది.

ఎక్కడ కారుతుందో చూస్తే భయం ఎందుకో తెలుస్తుంది. 1489 సీసీ అంబాసిడర్ ఇంజిన్‌లో కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (వేడి పొగ బయటికి పోయే ఇనుప గొట్టం) రెండూ ఒకే వైపు ఉంటాయి, ఒకదాని కింద ఒకటి. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె, అదే ఫ్లోట్ చాంబర్, పొంగితే ఆ పెట్రోల్ బాగా కాలిన ఇనుము మీదే పడాలి. రేకు షీల్డు ఉంటే కొంత నయం. చాలా బళ్ళలో దాన్ని ఎప్పుడో పీకి పడేశారు.

అసలు లోపం ఒత్తిడిలో ఉంది. ఈ బళ్ళ ఇంజిన్ పక్కన ఉండే, ఇంజిన్‌తోనే నడిచే ఏసీ పంపు (ఏసీ అంటే ఇక్కడ కంపెనీ పేరు, ఎయిర్ కండిషనర్ కాదు) ఇచ్చేది సుమారు 1.5 నుంచి 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడి కొలత). ఎస్‌యూ కార్బ్యురేటర్‌కైనా సోలెక్స్‌కైనా 2.5 చాలు, 3 దాటనివ్వకూడదు. కిట్లలో వస్తున్న పంపులు చాలావరకు ఇంజెక్షన్ బళ్ళవి, అంటే పెట్రోల్‌ని గట్టి ఒత్తిడితో చిమ్మే కొత్త రకం బళ్ళవి. వాటి ఒత్తిడి 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ పైమాటే. గిన్నె నిండగానే ఫ్లోట్ తేలి నీడిల్ వాల్వ్‌ని మూసి పెట్రోల్ ఆపాలి. ఆ వాల్వ్ రంధ్రం 2 మిల్లీమీటర్లు అనుకుందాం. 3 పీఎస్‌ఐ దగ్గర పెట్రోల్ ఆ నీడిల్‌ని తోసే బరువు 6, 7 గ్రాములు. 40 పీఎస్‌ఐ దగ్గర అదే దాదాపు 90 గ్రాములు. ఆ చిన్న ఫ్లోట్ తేలి అంత బరువుని ఆపలేదు. కొత్త నీడిల్ వేసినా, ఫ్లోట్ మార్చినా ఫలితం ఉండదు. మెకానిక్ కార్బ్యురేటర్ విప్పి బిగించిన ప్రతిసారీ కూలి దండగ తప్ప జబ్బు అక్కడ లేదు.

రెగ్యులేటర్ ఉంది కదా, తగ్గించుకోవచ్చు కదా అంటారు. ఇందులో ఇస్తున్నది రిటర్న్ రకం రెగ్యులేటర్, ఎక్కువైన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపేది. లోపలి స్ప్రింగు ఇంజెక్షన్ ఒత్తిడికి తగ్గట్టు గట్టిగా ఉంటుంది. స్క్రూ పూర్తిగా వదిలేసినా 3 దాకా దిగదు. పైగా అంబాసిడర్‌కి రిటర్న్ పైపే లేదు. (కార్బ్యురేటర్ మారుతి 800కి ఉంటుంది.) దాంతో బిగించేవాళ్ళు రెగ్యులేటర్‌కి ఉన్న మూడో రంధ్రానికి, అంటే రిటర్న్ రంధ్రానికి, బోల్టు పెట్టి మూసేస్తున్నారు. మూసిన రోజు నుంచి అది రెగ్యులేటర్ కాదు, పంపు ఒత్తిడి మొత్తం నేరుగా కార్బ్యురేటర్‌కే.

ఇక మీటరు. దాని మీద 0 నుంచి 160 దాకా అంకెలు. మనకి కావలసిన 2.5 అందులో సున్నా గీతకి ఆనుకుని ఉంటుంది. ఇలాంటి చౌక మీటర్లలో మొత్తం కొలతకి రెండు మూడు శాతం తేడా మామూలే, అంటే 4 పీఎస్‌ఐ అటూఇటూ. మనం కొలవాలనుకున్న దానికంటే దాని తప్పే పెద్దది. ముల్లు సున్నా దగ్గర ఉంది, ఒత్తిడి తక్కువే అని నమ్మి బండి తోలితే, ఆ మీటరు లేకపోవడమే మేలు. కొంటే 0 నుంచి 15 పీఎస్‌ఐ మీటరే కొనండి.

పైపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రెగ్యులేటర్ పక్కన పడేసినా చాలామంది పైపు బాగానే ఉంది కదా అని వాడేస్తున్నారు. ఆ పారదర్శక పైపు పీవీసీ. పెట్రోల్ తగిలిన కొద్దీ అందులోని మెత్తదనం కరిగిపోతుంది. ముందు పసుపు రంగుకి మారుతుంది, తర్వాత ఎండిన కర్రలా బిగుసుకుని కురచబడుతుంది. ఇంజిన్ వేడికి నిపుల్ (పైపు తొడిగే మూతి) మీద పట్టు వదిలి జారిపోతుంది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇ20 పెట్రోలే (20 శాతం ఇథనాల్ కలిపినది) ఇప్పుడు మన బంకుల్లో మామూలు పెట్రోల్. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, గాలిలో తేమని లాగుతుంది. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు సముద్రపు గాలిలో వారాల తరబడి కదలకుండా ఉండే బండికి ఈ రెండు బెడదలూ తప్పవు. ట్యాంకులో ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు, బంక కూడా ఇథనాల్‌కి ఊడి వచ్చి ఫిల్టర్‌లో చేరతాయి.

పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్7 లేదా ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూడండి. ఆర్9 ఇంజెక్షన్ పైపే అయినా మన పనికి నిక్షేపంగా పనికొస్తుంది, ఇథనాల్‌కి బాగా ఆగుతుంది. అచ్చు లేని పైపు ఎంత మందంగా ఉన్నా వద్దు. అనుమానం ఉంటే రెండంగుళాల ముక్క కోసి, మూత ఉన్న గాజు సీసాలో పెట్రోల్ పోసి రెండు రోజులు నానబెట్టండి, ఇంట్లో కాకుండా బయట నీడలో. పెట్రోల్ నల్లబడితే, లోపలి పొర గోటికి ఊడితే, వెర్నియర్‌లో మందం పెరిగితే ఆ పైపు వద్దు.

కిట్‌లో వచ్చే నిపుళ్ళతో ఇంకో చిక్కు. చాలావాటికి ఎన్‌పీటీ అనే అమెరికా కొలత మర ఉంటుంది. మన దగ్గర దొరికే ఫిట్టింగులు ఎక్కువగా బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ కొలతవి. కంటికి రెండూ ఒకటే. 1/8 సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 27 పళ్ళు, బీఎస్‌పీకి 28. రెండు చుట్లు సాఫీగా తిరిగి తర్వాత బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే మెత్తటి అల్యూమినియం మర చెడుతుంది, అక్కడినుంచి పెట్రోల్ చెమర్చుతూనే ఉంటుంది. దానికి విరుగుడుగా నీళ్ళ పైపులకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేప్ చుడుతున్నారు. అది ఎంతమాత్రం వద్దు. దాని పోగులు తెగి నీడిల్ వాల్వ్ సీటు మీద కూర్చుంటే మళ్ళీ పొంగుడే. పెట్రోల్‌కి ఆగే పేస్టు వాడండి, అదీ మొదటి చుట్టు వదిలేసి రాయండి.

చాలా బళ్ళకి రెగ్యులేటరే అక్కర్లేదు. ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, సాలూరు ఘాట్‌లో బండి ఆగిపోతోందని ఈ కిట్ కొంటున్నారు. అక్కడ జరిగేది వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడటం, లేదా ట్యాంకు వైపు పైపులో సన్న చీలిక గుండా పంపు గాలి లాగటం. చీలిక ఉన్న పైపు బయటికి కారదు, గాలినే లోపలికి లాగుతుంది, అందుకే కనిపెట్టలేరు. ట్యాంకు నుంచి పంపు దాకా రబ్బరు ముక్కలన్నీ మార్చండి. పంపు నుంచి కార్బ్యురేటర్‌కి వెళ్ళే పైపుని మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పండి, రేకు షీల్డు తిరిగి పెట్టండి, కార్బ్యురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ ఉందో చూడండి. ఏసీ పంపుకి ఇ20కి ఆగే డయాఫ్రం (పంపు లోపలి సాగే పొర) కిట్ వేయించండి. ఇంతటితో చాలా బళ్ళు దారికొస్తాయి.

ఏసీ పంపు ఇచ్చే పెట్రోల్ సరిపోతుందో లేదో చూడొచ్చు. 50 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తిగా తొక్కితే గంటకి సుమారు 15 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి పావు లీటరు. చల్లటి ఇంజిన్‌తో, కాయిల్ వైరు తీసి, పైపు కొసని ఇనుప డబ్బాలోకి పెట్టి స్టార్టర్ తిప్పండి. బుడగలు లేకుండా గట్టిగా కొడితే పంపు బాగున్నట్టే. పక్కన బీడీ వెలిగించేవాడు ఉండకూడదని వేరే చెప్పాలా.

కరెంటు పంపు తప్పనిసరి అనుకుంటే 2 నుంచి 4 పీఎస్‌ఐ ఇచ్చేది అడిగి తీసుకోండి. దాన్ని ట్యాంకు దగ్గర, ట్యాంకు మట్టానికి సమంగా లేదా కిందగా పెట్టాలి. ఈ పంపులు తోస్తాయి గానీ బాగా లాగలేవు. ట్యాంకు, ముతక ఫిల్టర్, పంపు, సన్న ఫిల్టర్, రెగ్యులేటర్, మీటరు, కార్బ్యురేటర్, ఇదీ వరస. రెగ్యులేటర్ తర్వాత ఫిల్టర్ పెడితే చెత్త దాని సీటులోనే ఇరుక్కుంటుంది. పాత ఏసీ పంపుని లైన్‌లో వదిలేయకండి. దాని డయాఫ్రం చిరిగితే కరెంటు పంపు పెట్రోల్‌ని నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి పోస్తుంది. దాన్ని విప్పి, గ్యాస్కెట్ వేసి ప్లేటుతో మూయండి. పంపుకి ఫ్యూజు, రిలే పెట్టి, ఇంజిన్ ఆగితే పంపు కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా వైరింగ్ చేయించండి.

ఈ కరెంటు పంపుకి రిటర్న్ లేని, తక్కువ ఒత్తిడి రెగ్యులేటర్ కొనేముందు షాపులో ఒక పరీక్ష. బీపీ చూసే డయల్ మీటరు 300 దాకా (మిల్లీమీటర్ల పాదరసం లెక్కలో) కొలుస్తుంది. 1 పీఎస్‌ఐ అంటే సుమారు 52, కాబట్టి 2.5 అంటే 130. రెగ్యులేటర్‌ని 2.5కి పెట్టి, దాని బయటి మూతికి ఆ మీటరు తగిలించి, లోపలి మూతికి సైకిల్ పంపుతో నెమ్మదిగా గాలి కొట్టండి. ముల్లు 130 దగ్గర ఆగి, అయిదు నిమిషాలైనా అక్కడే నిలవాలి. మెల్లగా పాకుతూ పైకి పోతే లోపలి వాల్వ్ మూసుకోవట్లేదు, అది వెనక్కి ఇచ్చేయండి. 200 దాటితే వెంటనే కొట్టడం ఆపండి, 300 దాటితే మీటరు పాడవుతుంది. ఇది గాలితోనే, పెట్రోల్ తగిలితే ఆ మీటరు పనికిరాదు.

ఇప్పటికే బిగించేసినవాళ్ళు ఈ రోజే పంపు ఫ్యూజు తీసేయండి. ఆయిల్ గేజి పుల్ల లాగి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం పెరిగి పల్చబడినా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్పించండి. పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి. తర్వాత పాత ఏసీ పంపు తిరిగి వేయించుకోండి, దాన్ని పాత ఇనుముకి అమ్మేయకుండా ఉంచుకుని ఉంటే.

బిల్లు, డబ్బా, మీటరు ఫొటో దాచండి. "అన్ని కార్బ్యురేటర్ బళ్ళకీ" అని రాసిన ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా. డబ్బు తిరిగి ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్ళు.