ఇంటి వేధశాలతో ఆరేళ్లు: టెలిస్కోపు కన్నా దిమ్మెకే ఎక్కువ మార్కులు

పెరట్లో పక్కకు జరిగే పైకప్పుతో చిన్న గది కట్టి, అందులో 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రేన్ టెలిస్కోపును (ముందు గాజుపలక, వెనుక అద్దం ఉండే రకం), దాన్ని మోస్తూ భూభ్రమణానికి తగ్గట్టు తిప్పే ఈక్వటోరియల్ మౌంటును బిగించి ఆరేళ్లు నిండాయి. కొన్న రోజున నా ధ్యాసంతా అద్దం వ్యాసం మీదే ఉండేది. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే, దాన్ని దేని మీద నిలబెడతారని ముందు అడుగుతున్నాను.

మొదటి ఏడాది మౌంటును ముక్కాలి స్టాండు మీదే ఉంచాను. 2032 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఈ టెలిస్కోపుకు 10 మిల్లీమీటర్ల ఐపీసు (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే ఆవర్ధనం సుమారు 203 రెట్లకు చేరుతుంది. అప్పుడు ఫోకసు మరను వేలితో తాకినా, నేను నిలబడ్డచోట కాలు మార్చుకున్నా శనిగ్రహం గజగజ వణికేది. గది నేలకు ఎక్కడా తగలకుండా చుట్టూ వేలెడు సందు వదిలి, విడిగా కాంక్రీటు దిమ్మె పోయించి, దాని మీద ఉక్కు స్తంభం నిలబెట్టాక ఆ బెడద తీరింది. మౌంటు అక్షం ఖగోళ ధ్రువానికి, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువుకు గురిపెట్టి ఉండాలి. ధ్రువనక్షత్రం సరిగ్గా ఆ బిందువు మీద ఉండదు కాబట్టి, స్టాండుతో ప్రతి రాత్రీ అరగంటకు పైగా మౌంటు అక్షాన్ని సరిచూసుకోవడానికే పోయేది. స్తంభం మీద ఒకసారి కుదిర్చిన అమరిక నెలల తరబడి చెక్కుచెదరలేదు.

రెండో పాఠం మంచు నేర్పింది. గురుగ్రహం మీద దాని ఉపగ్రహం గానిమీడ్ నీడ పాకుతుండగా చూస్తున్న ఒక రాత్రి, దృశ్యం క్రమంగా పాలిపోతుంటే మబ్బు పట్టిందనుకున్నాను. ఎర్రదీపం వేసి చూస్తే, టెలిస్కోపు ముందున్న గాజుపలక ఊపిరి ఊదిన అద్దంలా తెల్లబారి ఉంది. తొందరపడి గుడ్డతో తుడిచిన పాపానికి మిగిలిన సన్నని గీత ఇప్పటికీ కనిపిస్తుంది, అయితే దాని వల్ల చూపుకు లోటేమీ రాలేదు. ఆ తర్వాత ముందు భాగానికి పొడవాటి తొడుగు, గాజు అంచు చుట్టూ వెచ్చబరిచే పట్టీ అమర్చాను.

ఐపీసులు ఏడు పోగయ్యాయి గాని, చేతికి వచ్చేవి 32, 13 మిల్లీమీటర్లవి రెండే. మౌంటు మోటారు దిశ మార్చినప్పుడు పళ్లచక్రాల మధ్య సందు వల్ల రెండు క్షణాలు తడబడుతుంది. తయారీదారుకు రెండుసార్లు రాసినా పరిష్కారం దొరకలేదు. వానాకాలంలో కందిరీగలు ఫైండరు (గురి చూసుకునే చిన్న టెలిస్కోపు) గొట్టంలో మట్టిగూడు పెట్టడం మరో తలనొప్పి.

మళ్లీ కట్టే అవకాశం వస్తే గోడలు ఒక అడుగు తగ్గిస్తాను. దక్షిణాన దిగువకు వచ్చే గ్రహాలను ఈ గోడే కమ్మేస్తోంది.