పాత 911 కి కొత్త స్ట్రట్లు: డబ్బులకు తగ్గ సరుకే

నాది 1986 పోర్షె 911. ఇంజన్ వెనకాల ఉంటుంది, ముందు మూత కింద డిక్కీ, బ్యాటరీ, స్టెప్నీ. ఆ మూతని ఎత్తి నిలబెట్టే గ్యాస్ కడ్డీలే స్ట్రట్లు. న్యూజెర్సీ చలికి వాటిలో గ్యాస్ ఒత్తిడి తగ్గి, మూత నెత్తిమీదకి దిగేది. చీపురుకర్ర ఆనించి బ్యాటరీ చూసుకోవాల్సిన ఖర్మ!

స్టాబిలస్ కంపెనీ స్ట్రట్ల జత తెప్పించాను. రెండూ ఒకేసారి విప్పకండి. మా ఆవిడ మూత పట్టుకుంటే ఒక్కోవైపే మార్చాను. పాతది ఎటు తిరిగి ఉందో ముందే ఫొటో తీసుకోండి. చిన్న క్లిప్పులు ఎగిరిపోతే వెతకడం నరకం, కింద పాత తువ్వాలు పరవండి.

ఇప్పుడు సగం ఎత్తితే చాలు, మిగతాది అదే లేస్తుంది. మూసేటప్పుడు కాస్త బలం కావాలి. పలచని రేకు కదా, తాళం దగ్గరే అరచేత్తో నొక్కాలి. ధర ఎక్కువే. అయితే అంతకుముందు కొన్న చవక జత, మూతని ఎత్తడం మానేసి ఏడాదిలోపే చేతులెత్తేసింది.