రెంట్ ఇంటికి పెయింట్: ఓనర్‌కి వదిలేయాలా, మనమే వేయించుకుని అద్దెలో కట్ చేయించుకోవాలా?

ఖర్చు: ఓనర్ వేయిస్తే మనకి సున్నా. మనం వేయిస్తే ముందు జేబులోంచి పెట్టాలి, తర్వాత అద్దెలో పట్టుకోవాలి.

పని: ఓనర్ పంపే మేస్త్రీ చవక డిస్టెంపర్ ఒక్క కోటు కొట్టి పోతాడు, స్విచ్ బోర్డుల మీద, కిటికీ గ్రిల్ మీద, బాత్రూమ్ టైల్స్ మీద కూడా పెయింటే, గోడకి చెయ్యి ఆనిస్తే షర్టుకి తెల్లగా అంటుకుంటుంది. మనమైతే గీకించి, పుట్టీ, ప్రైమర్ పెట్టించి ఎమల్షన్ (చేతికి అంటుకోని పెయింట్) వేయించొచ్చు, కాకపోతే లీవ్ పెట్టుకుని దగ్గరుండాలి.

రిస్క్: "చూద్దాంలే అమ్మా" అన్న ఓనర్ తర్వాత మర్చిపోతాడు, కాబట్టి వాట్సాప్‌లో అమౌంట్ రాయించుకోండి. కేంద్రం ఇచ్చిన 2021 మోడల్ టెనెన్సీ చట్టంలో (అద్దె ఇళ్ల చట్టం) గోడలకి సున్నం వేయించడం ఓనర్ బాధ్యత, కుళాయి వాషర్లు మార్చుకోవడం మన బాధ్యత అని ఉంది, కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే చెల్లుతుంది.

చెమ్మ గోడైతే మాత్రం రెండూ దండగే, పైఫ్లాట్ బాత్రూమ్ లీకేజీ ఆపకుండా ఏ పెయింట్ వేసినా వానాకాలానికి పొక్కులే, ఆ పని ఓనర్‌తోనే చేయించాలి.

ఏడాదిలో ఖాళీ చేసేవాళ్లు ఓనర్ పెయింట్‌తో సర్దుకుపోండి. పిల్లల స్కూల్ పక్కనే, మూడు నాలుగేళ్లు ఉంటాం అనుకుంటే సొంతంగా వేయించుకోండి, అద్దెలో తగ్గిస్తానని రాసిస్తేనే.