నీటిగుంట దగ్గర కూర్చుంటే చాలు: నమీబియా, బోట్స్వానాలో పదహారు రోజులు

విండ్‌హుక్‌లో పైన టెంటు బిగించిన హైలక్స్ పికప్ బండి అద్దెకు తీసుకుని నేనూ మా ఆవిడా బయల్దేరాం. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి ఆ బెంగ లేదు. వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పే మాట ఒక్కటే. జంతువుల కోసం పొద్దస్తమానం బండిలో తిరగకండి, నీళ్ల దగ్గర కూర్చోండి.

నమీబియాలోని ఎటోషా నేషనల్ పార్కులో, ఒకాకుయో క్యాంపులో మూడు రాత్రులున్నాం. ఆగస్టు నెల, వాన పడి నెలలైంది. చుట్టుపక్కల నీళ్లు ఎండిపోతే జంతువులు మిగిలిన గుంటలకే రావాలి కదా. క్యాంపు గోడని ఆనుకునే అలాంటి గుంట ఒకటుంది, రాత్రిళ్లు దానిమీద దీపాల వెలుగు ఉంటుంది. తొమ్మిదిన్నరకి నల్ల ఖడ్గమృగం ఒకటి పిల్లని వెంటేసుకుని వచ్చింది. ఆ తర్వాత ఒక జిరాఫీ. నీళ్లకి పదడుగుల దూరంలో పావుగంట నిలబడింది. ముందుకాళ్లు ఎడంగా చాచి తల వంచబోయింది. ఎక్కడో నక్క కదిలేసరికి దిగ్గున లేచింది. మళ్లీ చాచింది, మళ్లీ లేచింది. నాలుగోసారికి గానీ తాగలేదు. అప్పటిదాకా నేనూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

అక్కడికి డెబ్బై కిలోమీటర్లలో హలాలీ క్యాంపు. జనం తక్కువ, రాళ్లగుట్ట మీద కూర్చుని గుంటని చూడొచ్చు. ఆ గుంట పేరు మోరింగా, అంటే మన మునగే! కుటుంబం ఒకటే గానీ అక్కడి చెట్టు మొదలు ఉబ్బి లావుగా ఉంటుంది. ఒక్క రాత్రే ఉన్నాం, రెండు ఉండాల్సింది.

బోట్స్వానాలో దారిలో అక్కడక్కడా ఆపుతారు. పశువులకి గాలికుంటు సోకకుండా బూట్లు మందునీళ్లలో అద్ది నడవమంటారు, పచ్చిమాంసం ఉంటే తీసేసుకుంటారు. మా దగ్గర కందిపొడి, ఆవకాయే కాబట్టి ఇబ్బంది పడలేదు.

అక్కడి మోరెమీ అభయారణ్యం ఇసుకదారుల్లో టైర్లలో గాలి తగ్గించాలి. మళ్లీ నింపుదామంటే అద్దెవాళ్లిచ్చిన కంప్రెసర్ పని చేయలేదు. పక్క టెంటువాళ్లు ఆదుకోకపోతే అక్కడే ఉండిపోయేవాళ్లం. బండి తీసుకునే రోజే దాన్ని ఆన్ చేసి చూడండి, జాకీ కూడా.

మోరెమీలోనే థర్డ్ బ్రిడ్జ్ క్యాంపులో రెండు రాత్రులున్నాం. దానికి కంచె లేదు. చీకటిపడ్డాక నిచ్చెన దిగే ముందు నాలుగువైపులా టార్చి తిప్పి చూడాలి. తిండి బయట పెడితే కోతులు క్షణంలో ఎత్తుకుపోతాయి. రెండో రాత్రి ఏనుగు మా పక్క చెట్టు కొమ్మలు విరుచుకుని తింది. దాని గుడగుడలు టెంటులోకి వినిపించాయి. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని గంటసేపు కదల్లేదు.

మళ్లీ వెళ్తే ఎక్కడుందామని అడిగితే నేను ఒకాకుయో అంటాను. తను థర్డ్ బ్రిడ్జ్ అంటుంది.