టెస్టోస్టెరాన్: క్యాప్సూలా, సూదా?

టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తక్కువుందని డాక్టర్ తేల్చాక చాలామంది అడిగే మొదటి మాట, "సూది లేకుండా మాత్రలతో పోదా సార్?" అని. పోతుంది. కాకపోతే ఆ మాత్ర మనం తినే తిండిని బట్టి పనిచేస్తుంది. తిరుపతి వాళ్లకు చిక్కు అక్కడే.

నోటితో వేసుకునేది టెస్టోస్టెరాన్ అండెకనోయేట్ క్యాప్సూల్. ఇది కొవ్వుతో కలిసి, లివర్‌ను తప్పించుకుని, లింఫ్ నాళాల (తిండిలోని కొవ్వును మోసే సన్నటి గొట్టాల) దారిన రక్తంలోకి చేరుతుంది. మాత్రలతో లివర్ పోతుందన్న భయం పాతకాలపు మిథైల్ టెస్టోస్టెరాన్ వల్ల వచ్చింది, దీనికి అది వర్తించదు. అయితే కడుపులో కొవ్వు లేకపోతే మందు చాలావరకు వృథా. సుమారు 20 గ్రాముల కొవ్వయినా ఉండాలి. నాలుగిడ్లీలు, సాంబారుతో అది రాదు. రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన శనక్కాయలు తింటే వస్తుంది. అదీ రోజుకు రెండు పూటలా. ఇక్కడ శనివారం ఒక్కపొద్దు ఉండే మగవాళ్లు ఎంతమందో! ఏకాదశి ఉపవాసాలు వేరే. ఆ రోజుల్లో ఒక డోసు పోయినట్టే. డాక్టర్ అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పాలి.

బీపీ సంగతి ఇంకొకటి. 2019లో అమెరికాలో ఈ రకం క్యాప్సూల్‌కు అనుమతి ఇచ్చినప్పుడే, బీపీ పెరగొచ్చని మందు వివరాల కాగితం మీద పెట్టె గీసి మరీ హెచ్చరిక రాయించారు. బీపీ అదుపులో లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

సూదుల్లో రెండు రకాలు. రెండు మూడు వారాలకొకటి వేసే పాత రకంలో హార్మోన్ మొదటి రోజుల్లో బాగా ఎగిసి, తర్వాత జారిపోతుంది. డోసు దగ్గరపడేకొద్దీ నీరసం, చిరాకు. ఇంట్లోవాళ్లే "సూది టైమ్ అయినట్టుందే" అంటారు. రక్తం చిక్కబడటం కూడా ఈ రకంతోనే ఎక్కువ. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే మందు ఆపాల్సిందే. వీటిలో సస్టనాన్ సూదిని వేరుశనగ నూనెలో కలుపుతారు. శనక్కాయలు పండే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వింతగా అనిపించినా, ఆ ఎలర్జీ ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

రెండోది ఆముదంలో కలిపిన 1000 మిల్లీగ్రాముల డిపో, అంటే కండలో నిల్వ ఉండి నెమ్మదిగా రక్తంలోకి దిగే సూది. మొదటి సూది తర్వాత ఆరు వారాలకు రెండోది, ఆపైన 10 నుంచి 14 వారాలకొకటి. 4 మిల్లీలీటర్ల చిక్కటి నూనె కాబట్టి పిరుదు కండలోకి నిదానంగా ఎక్కించాలి, హడావిడిగా పొడిచి పంపేది కాదు. అరుదుగా వెంటనే దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే అరగంట అక్కడే కూర్చోవాలి. తేడా చేస్తే వెనక్కి తీయలేం, నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది. క్యాప్సూల్ అయితే ఆపిన వెంటనే పోతుంది.

నన్నడిగితే, వేళకు తిండి దొరకని ఆర్టీసీ డ్రైవర్లకు, శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లకు డిపో సూదే మేలు. వార్ఫరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు లోతుగా సూది గుచ్చితే కండలో రక్తం చేరే ప్రమాదం ఉంది. వాళ్లకు క్యాప్సూలే నయం, కాకపోతే ఆ రక్తం పలచబరిచే మందు డోసు కూడా మళ్లీ చూపించుకోవాలి. మూడు వారాల సూదిని మాత్రం చవకనో, అలవాటనో ఎంచుకోకండి.

పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు ఈ రెండూ వద్దు. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే వీర్యకణాలు పడిపోతాయి. జిమ్ కుర్రాళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. అసలు లోపం ఉందో లేదో తేలాలంటే రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున పూట రక్తపరీక్ష చేయించాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగం ఉంది, మందుల షాపులో అడిగి వాడే మందు కాదిది.

మందు మొదలెట్టాక పరీక్ష వేళ కూడా ముఖ్యమే. క్యాప్సూల్ వాడేవాళ్లు తిండితో డోసు వేసుకున్న మూడు నుంచి ఐదు గంటలకు, డిపో వాళ్లు తర్వాతి సూదికి ముందు రక్తం ఇవ్వాలి. ఏ మందు, ఎప్పుడు తీసుకున్నారో ల్యాబ్ చీటీ మీదే రాయించండి.