కత్తి దూశాక ముందు వంతు ఎవరిది? మూడు పద్ధతుల్లో ఏది మేలు

చిన్నప్పుడు దొంగాటకు ముందు పంటలు వేసుకునేవాళ్లం. ముందు ఎవరో తేలితే సగం తగువు తీరినట్టే. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో, మా మేడ మీద ఆదివారాలు ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటలోనూ (ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా కథ అల్లుకుంటూ ఆడేది) అంతే. పోరు మొదలైతే తేలవలసింది వంతుల సంగతే.

ఇలాంటి ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి స్థిరపడిన పద్ధతి చాలామందికి తెలుసు. పోరు మొదట్లో ఎవరికి వారు 20 ముఖాల పాచిక వేసి, తమ పాత్ర చురుకుదనానికి దక్కే అంకెను కలుపుకుంటారు. పెద్ద అంకె ముందు. ఆ వరుసే చివరిదాకా తిరుగుతుంది. చురుకైన దొంగ పాత్రను ఎంచుకున్నవారికి ఇది న్యాయం. కానీ మేం ఐదుగురం, ఎదుట ఇద్దరు రాక్షసులు. వంతుకు రెండు నిమిషాలు పట్టినా, నా వంతు మళ్లీ రావడానికి 12 నిమిషాలు. ఆలోగా ఫోన్లు బయటికి వస్తాయి. ఎంతో ఇష్టంగా అల్లుకున్న కథ అక్కడ చల్లారిపోవడం నాకు నిజంగా బాధ.

అదే ఆటకు 1981 నాటి బేసిక్ నియమాల్లో పక్షానికి (మేమంతా ఒకటి, శత్రువులంతా ఒకటి) ఒకే ఆరు ముఖాల పాచిక, అదీ ప్రతి రౌండుకూ, అంటే అందరి వంతూ ఒకసారి అయిన ప్రతిసారీ, కొత్తగా. గెలిచిన పక్షమంతా ముందు కదులుతుంది. ఇది మొదలుపెట్టిన రోజే మా మేడ మీద మాటలు మారిపోయాయి. “అన్నయ్యా, నువ్వు తలుపు దగ్గర నిలబడు, నేను మంత్రం వేస్తాను” అని మా తమ్ముడు అనడం అదే మొదటిసారి. 1757 నాటి బొబ్బిలి ముట్టడిని తలపించేలా ఒక కోట పోరు అల్లుకున్నాం. గోడ మీద ఉన్నవారంతా ఒక్కటిగా కదలకపోతే అలాంటి పోరుకు అర్థం ఉండదు. చిక్కు ఒకటుంది: ఈ రౌండులో వెనక కదిలిన శత్రువులు తర్వాతి పాచిక గెలిస్తే వరుసగా రెండుసార్లు దెబ్బ తీస్తారు. మొదటి స్థాయి మాంత్రికుడి ప్రాణం నాలుగు ముఖాల పాచిక మీద పడినంతే కాబట్టి, అతడు కదలకుండానే కూలిపోవచ్చు.

మరో రోల్ ప్లేయింగ్ ఆట సావేజ్ వరల్డ్స్‌లో పేకముక్కలు పంచుతారు. ఆసు ముందు, రెండు చివర. సమానమైతే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు వరుస. జోకరు వచ్చినవారు తమకు నచ్చినప్పుడు కదలవచ్చు. కొత్తవారికి క్షణంలో అర్థమవుతుంది, ఉత్కంఠ కూడా ఉంటుంది. అయితే ఎదురుచూపు తగ్గదు.

నలుగురికి మించితే నా ఓటు పక్షాల పద్ధతికే. ఒక్క సవరణతో: పాచిక మొదటి రౌండులోనే వేసి, ఆ తర్వాత పక్షాలు ఒకదాని తర్వాత ఒకటి కదలాలి. అప్పుడు జంట దెబ్బ ఉండదు. ఇద్దరమే ఆడే రోజు మాత్రం 20 ముఖాల పాచికే తీస్తాను. ఎదురుచూపు లేనప్పుడు దొంగ చురుకుదనం ఎందుకు వృథా కావాలి?